చట్టం వేరు – విధానం వేరు
(మన దేశ పారిశ్రామిక విధానాల గురించి ఒక పాఠం)



ఈ హాస్టల్లో చదివి వెళ్లిన మేము కొంతమందిమి సెలవు రోజుల్లో వచ్చి స్టడీ అవర్‌లో కూర్చుంటామని మీకు తెలుసు. లెక్కలు, ఇంగ్లీషు చెబుతాం. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు పాలిటీ, ఎకానమీ చెబుతాం. ఒక ఆదివారం పదో తరగతి తమ్ముడొకడు పేపరు పట్టుకొచ్చి అడిగాడు. "అన్నా, విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ పెడతామని ఇందిరాగాంధీ పార్లమెంటులో చెప్పింది కదా. పార్లమెంటులో చెప్పిందంటే చట్టమే కదా. మరి చట్టం మార్చకుండా అమ్ముతామని ఎలా అన్నారు?"

వాళ్ల తాతగారి ఊరు ఆ ప్లాంటు కోసం ఖాళీ అయిన అరవైకి పైగా గ్రామాల్లో ఒకటి. వాడికి అది పేపర్లో వార్త కాదు, ఇంట్లో మాట. డిగ్రీలు చదివిన మేము ఐదుగురం ఉన్నాం. ఒక్కరం కూడా సరైన జవాబు చెప్పలేకపోయాం. సిగ్గనిపించింది. తర్వాత గ్రంథాలయంలో కూర్చుని చదివి, మాలో మేము వాదించుకుని తెలుసుకున్నది ఈ వ్యాసంగా రాస్తున్నాం. ఆ తమ్ముడి ప్రశ్నే దీనికి మూలం.

మూడు మాటలు, మూడు బలాలు

ముందుగా మూడు మాటల తేడా తెలియాలి.

విధానం అంటే ప్రభుత్వం తాను ఏ దారిలో నడవబోతోందో చెప్పే ప్రకటన. దాన్ని మంత్రివర్గం నిర్ణయిస్తుంది. పార్లమెంటు ముందు పెట్టవచ్చు, కానీ ఓటు వేసి చట్టం చేయనక్కరలేదు. కొత్త ప్రభుత్వం వచ్చి మార్చుకోవచ్చు.

చట్టం అంటే బిల్లుగా వచ్చి, పార్లమెంటులోనో శాసనసభలోనో ఆమోదం పొంది, రాష్ట్రపతో గవర్నరో సంతకం చేసినది. దాన్ని రద్దు చేయాలన్నా, సవరించాలన్నా మళ్లీ సభకే పోవాలి.

ఉత్తర్వు, నోటిఫికేషన్ అనేవి ప్రభుత్వ శాఖలు ఇచ్చేవి. కొన్ని చట్టం ఇచ్చిన అధికారంతో ఇస్తారు. కొన్ని మామూలు కార్యనిర్వాహక అధికారంతో ఇస్తారు.

మన హాస్టల్ సంగతే చూడండి. వార్షికోత్సవం నాడు వచ్చిన అతిథి "మీకు ఫలానాది చేస్తాం" అంటే అది మాట. మెస్ చార్జీలు పెంచుతూ జీవో వస్తే అది ఉత్తర్వు. ఎస్సీ, ఎస్టీల నిధులు ఇంకో పనికి మళ్లించరాదని శాసనసభ నిర్ణయిస్తే అది చట్టం. మూడూ ప్రభుత్వం నుంచి వచ్చినవే అయినా మూడింటికీ ఒకే బలం లేదు.

రాజ్యాంగంలో పరిశ్రమలు ఎవరివి?

ఏడో షెడ్యూలు ప్రకారం పరిశ్రమలు రాష్ట్ర జాబితాలో 24వ అంశం. కానీ కేంద్ర జాబితాలో 52వ అంశం ఉంది. ప్రజాప్రయోజనం కోసం ఫలానా పరిశ్రమలు కేంద్రం అదుపులో ఉండాలని పార్లమెంటు చట్టం ద్వారా ప్రకటిస్తే అవి కేంద్రం కిందికి వెళ్తాయి. ఆ ప్రకటన చేసిన చట్టమే 1951 నాటి పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం. గ్రూప్స్ రాసేవాళ్లు ఈ రెండు అంశాల నంబర్లు గుర్తుంచుకోవాలి.

తొలి అడుగులు: 1945 నుంచి 1956 వరకు

స్వాతంత్ర్యానికి ముందే, 1945 ఏప్రిల్‌లో, వైస్రాయ్ కౌన్సిల్లో ప్రణాళికా శాఖ చూసిన సర్ అర్దేశిర్ దలాల్ హయాంలో ఒక పారిశ్రామిక విధాన ప్రకటన వచ్చింది. ముఖ్యమైన పరిశ్రమలు కేంద్రం అదుపులో ఉండాలనే ఆలోచన అందులోనే ఉంది.

1948 ఏప్రిల్ 6న స్వతంత్ర భారత మొదటి పారిశ్రామిక విధాన తీర్మానం వచ్చింది. అప్పటి పరిశ్రమల మంత్రి శ్యామాప్రసాద్ ముఖర్జీ. ఆయుధాలు, అణుశక్తి, రైల్వేలు ప్రభుత్వానికే అన్నారు. బొగ్గు, ఇనుము–ఉక్కు, విమానాలు, ఓడల నిర్మాణం, టెలిఫోన్–వైర్‌లెస్ పరికరాలు, ఖనిజ నూనెలు, ఈ ఆరింటిలో కొత్త సంస్థలు ప్రభుత్వమే పెడుతుందన్నారు.

తీర్మానానికి చట్టబలం కావాలి కాబట్టి 1951 చట్టం వచ్చింది. అప్పుడు వాణిజ్య, పరిశ్రమల మంత్రి ఒరిస్సా నాయకుడు హరేకృష్ణ మహతాబ్. 1952 మే 8 నుంచి అమలైంది. దీని షెడ్యూల్లో ఉన్న పరిశ్రమ కొత్తగా పెట్టాలంటే కేంద్రం లైసెన్సు కావాలి. రాజాజీ తర్వాత ఎగతాళిగా 'పర్మిట్ లైసెన్స్ రాజ్' అన్నది ఈ పద్ధతినే.

1956 ఏప్రిల్ 30న నెహ్రూ ప్రభుత్వం రెండో తీర్మానం తెచ్చింది. షెడ్యూల్ 'ఎ'లో 17 పరిశ్రమలు ప్రభుత్వానికి, షెడ్యూల్ 'బి'లో 12 పరిశ్రమలు ప్రభుత్వం క్రమంగా ముందుండి నడిపేవి, మిగిలినవి ప్రైవేటుకు. మహలనోబిస్ రూపొందించిన రెండో పంచవర్ష ప్రణాళిక కూడా ఈ దారిలోనే నడిచింది. రష్యా సాయంతో భిలాయ్, పశ్చిమ జర్మనీ సాయంతో రూర్కెలా, బ్రిటన్ సాయంతో దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు వచ్చాయి. హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్, ఈసీఐఎల్ లాంటివి వచ్చింది కూడా ఈ కాలం చలవతోనే.

గమనించండి. 1956 తీర్మానం ఎంత గొప్పదైనా, పేరులోనే ఉన్నట్లు అది తీర్మానమే, చట్టం కాదు.

కార్మికుడి వైపు నుంచి

పరిశ్రమ ఎవరిదన్నది ఒక ప్రశ్న. అందులో పనిచేసే మనిషి సంగతేమిటన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు జవాబు రాసినవాళ్లలో మనం గర్వంగా చెప్పుకునే ముగ్గురున్నారు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరు. ఫ్యాక్టరీల్లో పని వారానికి 48 గంటలకు మించరాదన్న 1946 సవరణ చట్టం ఆయన చూసిన శాఖదే. ఆయన తర్వాత కార్మిక శాఖ చూసిన బాబూ జగ్జీవన్ రామ్ కాలంలో 1948 ఫ్యాక్టరీల చట్టం, కనీస వేతనాల చట్టం, ఈఎస్ఐ చట్టం వచ్చాయి. మూడోవారు మన కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దళితుల నుంచి ఆ పదవికి వచ్చిన తొలి నాయకుడు. 1964 నుంచి కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నారు. 1965 బోనస్ చెల్లింపు చట్టం అప్పటిదే. తర్వాత పరిశ్రమల శాఖ కూడా చూశారు.

ఈ ముగ్గురూ కార్మికుడికి ఇవ్వదలచుకున్నదాన్ని ప్రకటనతో వదిలేయలేదు. చట్టంగా రాయించారు. అందుకే ప్రభుత్వాలు మారినా అవి దశాబ్దాల తరబడి నిలిచాయి. 2019, 2020లలో పార్లమెంటు కొత్త కార్మిక కోడ్‌లు ఆమోదించి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చాకే ఆ పాత చట్టాల స్థానం మారింది. కొత్త కోడ్‌లో 'ఫ్యాక్టరీ' అనిపించుకోవడానికి కరెంటు వాడేచోట 10 మందికి బదులు 20 మంది, కరెంటు లేనిచోట 20కి బదులు 40 మంది పనివాళ్లు ఉండాలి. చిన్న షెడ్లలో పనిచేసే మనవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

1969–1977: అదుపు పెరిగిన కాలం

కొద్దిమంది చేతుల్లో సంపద పోగుపడకుండా 1969లో ఎంఆర్‌టీపీ చట్టం వచ్చింది. అప్పుడు ఆ శాఖ మంత్రి, తర్వాత రాష్ట్రపతి అయిన ఫకృద్దీన్ అలీ అహ్మద్. 1970 పేటెంట్ల చట్టం మందుల విషయంలో వస్తువుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంటు అన్నది. వేరే పద్ధతిలో అదే మందు చౌకగా తయారుచేయడానికి మన కంపెనీలకు దారి దొరికింది. హైదరాబాద్ మందుల పరిశ్రమ పెరగడానికి ఐడీపీఎల్ ఇచ్చిన అనుభవం ఎంత కారణమో, ఈ చట్టం కూడా అంత కారణం. ఐడీపీఎల్‌లో పనిచేసిన డాక్టర్ కె. అంజిరెడ్డి 1984లో రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. 2005 సవరణతో మందులకు మళ్లీ వస్తువు పేటెంటు వచ్చింది.

1977లో జనతా ప్రభుత్వ పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ చిన్న పరిశ్రమలకు పెద్ద పీట వేశారు. వాటికే కేటాయించిన వస్తువులను 180 నుంచి 504కు పెంచారు. మీరు చూసే జిల్లా పరిశ్రమల కేంద్రం ఆ విధానం నుంచి 1978లో పుట్టినదే. కేటాయింపు జాబితా మాత్రం తర్వాత కరిగిపోతూ 2015లో పూర్తిగా పోయింది.

1991: ఒక్క నోటిఫికేషన్

1991 జూలై 24న, మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టిన రోజే, కొత్త పారిశ్రామిక విధానం లోక్‌సభ ముందుకు వచ్చింది. సభలో పెట్టింది సహాయమంత్రి పి.జె. కురియన్. అసలు పరిశ్రమల శాఖ ప్రధాని పి.వి. నరసింహారావు తన దగ్గరే ఉంచుకున్నారు. లైసెన్సు 18 పరిశ్రమలకే పరిమితమైంది. ప్రభుత్వ రంగానికి కేటాయించినవి 17 నుంచి 8కి తగ్గాయి.

ఇంత మార్పుకు 1951 చట్టాన్ని రద్దు చేసి ఉంటారని మేమూ అనుకున్నాం. చేయలేదు. ఆ చట్టంలోనే 29బి అనే సెక్షన్ ఉంది. ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా కొన్ని పరిశ్రమలకు చట్టం నుంచి మినహాయింపు ఇవ్వవచ్చునని అది చెబుతుంది. మరుసటి రోజు, జూలై 25న, ఆ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇచ్చారు. దానితో నలభై ఏళ్ల లైసెన్సు విధానం చాలావరకు ముగిసింది. 1951 చట్టం మాత్రం ఈనాటికీ పుస్తకంలో ఉంది. 1956 తీర్మానం చట్టం కాదు కాబట్టి దాన్ని మార్చడానికి కొత్త ప్రకటనే చాలింది.

ఇది మంచిదా చెడ్డదా అన్న చర్చలో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. లైసెన్సు కోసం ఢిల్లీ చుట్టూ తిరిగే బాధ తప్పిందని కొందరం అంటాం. ప్రభుత్వ రంగంలో మన ఉద్యోగాలు తగ్గాయని కొందరం అంటాం. రెండూ నిజాలే.

ఇక తమ్ముడి ప్రశ్నకు జవాబు

2001లో అల్యూమినియం తయారుచేసే బాల్కో సంస్థలో 51 శాతం వాటాను కేంద్రం ప్రైవేటు సంస్థకు అమ్మింది. ఉద్యోగులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2001 డిసెంబర్‌లో కోర్టు, ఇది ప్రభుత్వ ఆర్థిక విధాన నిర్ణయం, చట్టవిరుద్ధం కానంతవరకు మేము జోక్యం చేసుకోబోమని తీర్పు చెప్పింది.

తర్వాత హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్ వంతు వచ్చింది. విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉంది కదా, అది మొదట కాల్టెక్స్ అనే విదేశీ కంపెనీది. ఎస్సో, బర్మా షెల్, కాల్టెక్స్ కంపెనీలను 1974–77 మధ్య పార్లమెంటు ప్రత్యేక చట్టాలు చేసి జాతికి తీసుకుంది. 2003 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఈసారి ఆపింది. పార్లమెంటు చట్టం ద్వారా వచ్చినదాన్ని పార్లమెంటును అడగకుండా ప్రైవేటుకు ఇవ్వరాదు అన్నది. ఆ తీర్పు కార్మికుల మీద జాలితో ఇచ్చింది కాదు. అక్కడ చట్టం ఉంది, బాల్కో విషయంలో అలాంటి చట్టం అడ్డు లేదు. అంతే తేడా. అయితే చట్టం ఉంటే చాలని నిద్రపోకూడదు. పాత చట్టాలను మూటగట్టి రద్దు చేసిన 2016 చట్టంలో బర్మా షెల్ చట్టం కూడా కలిసిపోయింది. బీపీసీఎల్ అమ్మకానికి దారి తెరుచుకుంది. 2022లో ఆ అమ్మకాన్ని ప్రభుత్వమే విరమించుకుంది.

ఇప్పుడు విశాఖ ఉక్కు. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని జనం రోడ్డెక్కారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 1982లో కంపెనీల చట్టం కింద రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ప్రకటన ఉంది, శంకుస్థాపన ఉంది, త్యాగం ఉంది, కంపెనీ ఉంది. హెచ్‌పీసీఎల్‌కు ఉన్నట్లు ప్రత్యేక జాతీయకరణ చట్టం మాత్రం లేదు. అందుకే 2021 జనవరిలో మంత్రివర్గ సంఘం ఒక నిర్ణయంతోనే నూరు శాతం వాటా ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకోగలిగింది. ఆ తర్వాత కార్మికులు ఏళ్ల తరబడి ఉద్యమం చేశారు. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ఆమోదించింది. అది కూడా మంత్రివర్గ నిర్ణయమే, చట్టం కాదు.

తమ్ముడూ, ఇదీ జవాబు. పార్లమెంటులో చెప్పినదంతా చట్టం కాదు. పార్లమెంటు చేసినదే చట్టం.

ఈ కాలపు విధానాలు

2005లో కమల్ నాథ్ వాణిజ్య మంత్రిగా ఉండగా సెజ్ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 10 నుంచి అమలైంది. పన్ను రాయితీలకు చట్టబలం వచ్చింది. భూములిచ్చిన వాళ్లకు అలాంటి బలం ఉన్న కొత్త చట్టం మాత్రం 2013 భూసేకరణ చట్టం దాకా రాలేదు. మధ్య ఏళ్లలో మహబూబ్‌నగర్ జిల్లా పోలేపల్లి లాంటి చోట్ల అసైన్డ్ భూములు పోయిన కుటుంబాలు పరిహారం కోసం ఆందోళన చేయవలసి వచ్చింది.

2011లో ఆనంద్ శర్మ మంత్రిగా ఉన్నప్పుడు జాతీయ తయారీ రంగ విధానం వచ్చింది. పదేళ్లలో జాతీయోత్పత్తిలో తయారీ రంగం వాటా 25 శాతం చేస్తాం, 10 కోట్ల ఉద్యోగాలు కల్పిస్తాం అన్నారు. 2014 సెప్టెంబర్ 25న ప్రధాని నరేంద్ర మోదీ 'మేక్ ఇన్ ఇండియా' ప్రారంభించారు. 2020లో ఉత్పత్తితో ముడిపెట్టిన ప్రోత్సాహక పథకం మొబైల్ ఫోన్లతో మొదలై 14 రంగాలకు విస్తరించింది. పదేళ్ల గడువు దాటినా 25 శాతం లక్ష్యం చేరలేదు. ఎందుకు చేరలేదని ఏ కోర్టులోనూ అడగలేం. అది విధానం కదా.

ఇందులో మన సంగతి

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఉంది. రాజ్యాంగం 16(4) అధికరణ దానికి అనుమతి ఇస్తుంది. అమలు మాత్రం ప్రధానంగా ప్రభుత్వ ఉత్తర్వులు, ఆదేశాల మీద నడుస్తోంది. సంస్థ ప్రైవేటు చేతికి వెళ్తే ఆ ఆదేశం కొత్త నియామకాలకు వర్తించదు. కాబట్టి ఫ్యాక్టరీ అమ్మకం వార్త మనకు ఉద్యోగ వార్తే.

అయితే ఏడుస్తూ కూర్చోవడానికి ఇది రాయడం లేదు. సబ్ ప్లాన్ సంగతి గుర్తు చేసుకోండి. ఎస్సీల ఉపప్రణాళిక 1979–80 నుంచి విధానంగా ఉంది. నిధులు పక్కదారి పడుతుంటే దళిత, గిరిజన సంఘాలు పోరాడాయి. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది చట్టమైంది. విధానాన్ని చట్టం చేయించుకోవడం మనవాళ్లకు తెలియని విద్య కాదు.

ఇప్పటికిప్పుడు ఉపయోగపడేవి కొన్ని చెబుతాం. 1961 అప్రెంటిస్‌ల చట్టంలో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించాలన్న నిబంధన ఉంది. ఐటీఐ, డిప్లొమా చదివేవాళ్లు దీన్ని వదులుకోవద్దు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం కింద వచ్చిన 2012 కొనుగోలు ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. ఆ లక్ష్యం ఏళ్ల తరబడి అందలేదు. అమ్మేవాళ్లు తక్కువ, తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఉద్యం రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు. వివరాలకు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగండి. భయపడవద్దు, అది మన కోసం పెట్టిన ఆఫీసే.

పేపరు చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ప్రకటనా, చట్టమా, ఉత్తర్వా? ఏ చట్టం కింద వచ్చింది? దీన్ని మార్చాలంటే ఎవరు, ఎక్కడ మార్చాలి? ఈ మూడూ అడగగలిగిన పిల్లవాడిని ఏ నాయకుడూ ఉత్త మాటతో పంపించలేడు.

పరీక్షలకు ఒక్క చూపులో

1948 – మొదటి పారిశ్రామిక విధాన తీర్మానం, ఫ్యాక్టరీల చట్టం
1951 – పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం
1956 – రెండో తీర్మానం (ఎ–17, బి–12)
1969 – ఎంఆర్‌టీపీ చట్టం
1977 – జనతా ప్రభుత్వ విధానం
1991 – నూతన పారిశ్రామిక విధానం, 29బి నోటిఫికేషన్
2005 – సెజ్ చట్టం
2011 – జాతీయ తయారీ రంగ విధానం
2025 – కార్మిక కోడ్‌ల అమలు

వీటిలో ఏది చట్టమో, ఏది విధానమో మీరే విడదీసి నోటుబుక్కులో రాయండి. వచ్చే ఆదివారం వచ్చి చూస్తాం.

ఇట్లు,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థులం